కాన్సర్ట్ చూసొచ్చాక ఏం రాయాలి? హైదరాబాద్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

తన పాట తనే రాసుకుని తనే పాడేవాళ్ళంటే మాకు పిచ్చి. గోరటి వెంకన్న పాడుతున్నాడన్నా, హిందీ, ఇంగ్లీషు పాటల ప్రతీక్ కుహాడ్ ఊళ్ళోకి వస్తున్నాడన్నా, బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ టికెట్లు పెట్టారన్నా మాలో ఎవరో ఒకరు బయల్దేరతారు. చూసొచ్చాక ఎవరి అనుభవం వాళ్ళు రాసి మిగతావాళ్ళతో పంచుకుంటాం. మా బృందంలో కొత్తగా చేరేవాళ్ళు ప్రతిసారీ అవే సందేహాలు అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. వరుసగా చదవాల్సిన పని లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి.

## వెళ్ళే ముందు

పాడబోయే గాయకుడి పాటల్లో నాకు మూడో నాలుగో తెలుసు. అయినా వెళ్ళొచ్చా?

నిక్షేపంగా వెళ్ళండి. ఒక పాటని మొట్టమొదట వేదిక మీదే వినే అవకాశం రికార్డుకి అలవాటు పడ్డ అభిమానికి ఇక రాదు, మీకింకా ఉంది. ఒక్క పని మాత్రం చేయండి. రెండు మూడు పాటల సాహిత్యం ముందే చదువుకోండి, ట్యూన్ వినకుండా. రాసి పాడేవాళ్ళ దగ్గర సగం సరుకు మాటల్లోనే ఉంటుంది. స్పీకర్ల హోరులో ముందు కొట్టుకుపోయేవీ ఆ మాటలే. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ పాటలు కంఠతా వచ్చని చిన్నబుచ్చుకోకండి. స్నేహితుల బలవంతం మీద వచ్చి, ఏమీ తెలియకుండా విన్నవాళ్ళు రాసినవే చాలాసార్లు మాకు ఎక్కువ నచ్చాయి.

మన ఊరికి రాకముందు వేరే ఊళ్ళో ఏ పాటలు పాడాడో చూసుకుని వెళ్ళాలా?

మా మాట అడిగితే వద్దు. టూర్ మీద ఉన్న గాయకుడు ఊరూరా దాదాపు అదే వరుసలో పాడతాడు. లైట్లు, స్క్రీన్ మీద బొమ్మలు, వాద్యాలు మార్చుకోవడం అన్నీ ఆ వరుసని బట్టే నడుస్తాయి. ముందే చూసుకుంటే తర్వాతి పాట ఏదన్న ఉత్కంఠ పోతుంది. చూసుకోకపోతే మంచినీళ్ళ కోసం వెళ్ళినప్పుడే మీ ప్రాణం లాంటి పాట అయిపోవచ్చు. ఆ రిస్క్ తీసుకోవచ్చనే మా అభిప్రాయం.

అయితే తిరిగి వచ్చాక తప్పకుండా చూడండి. మన ఊరికీ పక్క ఊరికీ తేడా ఎక్కడ వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. వారం తిరిగాక, ఫిబ్రవరి 9న, బెంగళూరులో గాయని శిల్పారావ్‌ని వేదిక మీదికి పిలిచి ఆమెతో కలిసి తెలుగు సినిమా పాట అందుకున్నాడు. తెలుగు పాట మన దగ్గర పాడకుండా అక్కడ పాడడమేమిటన్న ఉక్రోషం కొందరికి ఇంకా తగ్గలేదు.

హైదరాబాద్‌లో ఏ వేదికైతే బాగా వినిపిస్తుంది?

పాటని బట్టి ఉంటుంది. మాటే ముఖ్యమైన గాయకుడైతే మా ఓటు రవీంద్రభారతికి. ఠాగూర్ శతజయంతి సందర్భంగా కట్టిన హాలు అది. కుర్చీలో కుదురుగా కూర్చుని ఒక్కో పాదం విడివిడిగా వినొచ్చు. బంజారాహిల్స్‌లోని లామకాన్ ఇంకా చిన్నది. 2010లో మొదలైన ఆ ఆవరణలో పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గరగా కూర్చోవచ్చు. చేతిలో చాయ్, పక్కన సమోసా, ఎదురుగా గిటార్. ఇంత చనువు పెద్ద హాళ్ళలో దొరకదు. మాదాపూర్ శిల్పకళావేదికలో దాదాపు రెండున్నర వేల మంది పడతారు. పూర్తి బ్యాండ్‌తో వచ్చేవాళ్ళకి ఆ హాలు సరిపోతుంది.

గచ్చిబౌలి స్టేడియం, రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి ఆరుబయలు వేదికల లెక్క వేరు. 2023 ఫిబ్రవరిలో ఇళయరాజా కార్యక్రమం జరిగింది గచ్చిబౌలి స్టేడియంలోనే. బయట గాలి ఎటు వీస్తే చప్పుడు అటు లాక్కుపోతుంది, సన్నటి స్వరాలు సగం దారిలోనే పోతాయి. అక్కడికి వెళ్ళేది జనం కోసం. వేలమంది ఒక్కసారిగా పల్లవి అందుకుంటే ఒళ్ళు ఝల్లుమంటుంది చూడండి, అది ఏ హాల్లోనూ జరగదు. అందుకే స్టేడియంలో మాట స్పష్టంగా వినపడలేదని, లామకాన్‌లో ఊపు లేదని ఎవరైనా తిడితే మేం పెద్దగా పట్టించుకోం.

లోపలికి వెళ్ళాక ఎక్కడ నిలబడాలి?

వేదికకి ఎదురుగా, జనం మధ్యలో కంచె కట్టి ఒక చిన్న టెంటో డేరానో ఉంటుంది. సౌండ్ ఇంజనీర్ కూర్చునే మిక్సింగ్ డెస్క్ అది. అతను తన చెవికి వినిపించేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు కాబట్టి, ఆ చుట్టుపక్కల ధ్వని సాధారణంగా అన్నిటికంటే సమంగా ఉంటుంది. ఎక్కువ డబ్బు పోసి కొన్న ముందు వరుసలో గాయకుడి ముఖం కనిపిస్తుంది కానీ, పెద్ద స్పీకర్ల ధ్వని పక్కనుంచో తల పైనుంచో వెళ్ళిపోవడం వల్ల డ్రమ్స్ మోతలో గొంతు మునిగిపోవచ్చు. ముఖం కావాలో పాట కావాలో టికెట్ కొనేటప్పుడే తేల్చుకోండి.

రాత్రి తిరిగి ఇంటికి ఎలా చేరాలి?

శిల్పకళావేదికకి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గర, రవీంద్రభారతికి లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు దగ్గర. గచ్చిబౌలికి మెట్రో లేదు, రాయదుర్గంలో దిగి ఆటో పట్టుకోవాలి. రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. మెట్రో ఎల్బీనగర్‌తో ఆగిపోతుంది కాబట్టి సొంత బండో, ముందే మాట్లాడుకున్న క్యాబో తప్పదు. చివరి రైలు వేళలు మారుతుంటాయి, ఆ రోజు పొద్దున్నే చూసుకోండి.

ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే ఇక పాట ఏం వినిపిస్తుంది?

వినిపిస్తుంది. మెడికల్ షాపులో దొరికే మెత్తటి ఫోమ్ ప్లగ్స్ పై స్వరాలని ఎక్కువ నొక్కేస్తాయి, మాట కాస్త ముద్దగా వస్తుంది. సంగీతకారులు వాడే రకం ఖరీదు ఎక్కువ, కానీ అన్ని స్వరాలనీ ఇంచుమించు సమంగా తగ్గిస్తుంది. సంగీత వేదికల్లో 15 నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. స్పీకర్ ముందే నిలబడ్డవాళ్ళకి అంతకంటే ఎక్కువే తగలొచ్చు. పిల్లల్ని తీసుకెళ్తుంటే మాత్రం చర్చ లేదు, వాళ్ళ చెవులు కప్పాల్సిందే.

## పాట నడుస్తుండగా

అక్కడే నోట్స్ రాసుకోవాలా? అలా రాస్తూ ఉంటే ఆనందించడం ఎప్పుడు?

పాట జరుగుతుండగా రాయకండి. రెండు పాటల మధ్య చప్పట్లు మోగుతున్నప్పుడు ఫోన్‌లో ఒక్క ముక్క కొట్టి జేబులో పెట్టేయండి. ‘వాన పాట, గిటార్ లేదు’, ‘అమ్మ గురించి చెప్పాడు’ అన్నంత చాలు. మర్నాడు ఆ ముక్క చూడగానే మిగతాదంతా గుర్తొస్తుంది. స్క్రీన్ వెలుతురు పూర్తిగా తగ్గించుకోండి, మీ వెనక నిలబడ్డవాళ్ళు కూడా టికెట్ కొనే వచ్చారు.

వేదిక మీద ఒక్కడే ఉన్నాడు, కానీ నాలుగు గిటార్లు, కోరస్ అన్నీ వినిపించాయి. టేపు వేశారా?

మాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. ఎడ్ షీరన్ కార్యక్రమం తర్వాత మరీ ఎక్కువైంది. అది టేపు కాదు, లూప్ పెడల్. గాయకుడి కాళ్ళ దగ్గర ఉండే ఈ యంత్రం కొన్ని సెకన్ల చప్పుడు రికార్డు చేసి, ఆపమనేదాకా తిప్పి తిప్పి వినిపిస్తూనే ఉంటుంది. ముందు గిటార్ చెక్క మీద చేత్తో తాళం కొడతాడు, కాలితో నొక్కుతాడు, ఆ తాళం తిరగడం మొదలవుతుంది. దాని మీద తీగలు మీటుతాడు, మళ్ళీ నొక్కుతాడు. ఆ పైన ఒక హమ్మింగ్, దానికి జతగా ఇంకో హమ్మింగ్. అలా వరస మీద వరస పేర్చుకుని, అప్పుడు అసలు పాట ఎత్తుకుంటాడు.

దాన్ని పట్టుకోవడం ఎలాగంటే, పాట మొదట్లో ఆ పేర్పు మీ కళ్ళ ముందే జరుగుతుంది. తాళం ఒక్క పిసరు అటూ ఇటూ అయినా ఆ తడబాటు పాటంతా తిరుగుతూనే ఉంటుంది. కొందరైతే వెంటనే చెరిపేసి నవ్వుతూ మళ్ళీ మొదలుపెడతారు. అలాంటిది మీ కళ్ళబడితే తప్పకుండా రాయండి, ఆ ఊరికి మాత్రమే దక్కిన సంగతి అది.

ముందే రికార్డు చేసిన ట్రాక్ వాడేవాళ్ళు కూడా ఉన్నారు. తీగ వాద్యాల బృందాన్ని ఊరూరా తిప్పడం అందరివల్లా అయ్యే పని కాదు కదా. అప్పుడు గాయకుడి చెవిలో ‘టిక్ టిక్’మని తాళం వినిపిస్తుంటుంది, పాట ఆ లెక్క ప్రకారమే నడవాలి. ఒక పాదాన్ని తోచినంతసేపు సాగదీశాడంటే, జనం పాడుతున్నారని పల్లవి ఇంకోసారి తిప్పాడంటే, ఆ పాటకి ట్రాక్ లేనట్టే అనుకోవచ్చు.

స్క్రీన్ మీద పెదాల కదలిక పాటతో కలవలేదు. నోరు ఊరికే ఆడించాడా?

అంత మాట అనే ముందు మీరెంత దూరంలో నిలబడ్డారో చూసుకోండి. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. వేదికకి వంద మీటర్ల వెనక ఉంటే, గాయకుడు నోరు తెరిచాక ఆ మాట మీ చెవిన పడడానికి సెకనులో మూడో వంతు వరకూ పడుతుంది. బొమ్మ మాత్రం అప్పటికే వచ్చేసి ఉంటుంది. డ్రమ్మర్ చెయ్యి దిగాక దెబ్బ వినపడడమూ ఇందువల్లే. కెమెరా నుంచి స్క్రీన్‌కి బొమ్మ చేరడంలో కూడా కాస్త ఆలస్యం ఉంటుంది. అందుకే మరీ ముందున్నవాళ్ళకి ఒక్కోసారి తిరగబడి, పాట ముందు, పెదాలు వెనక అవుతాయి. ఇద్దరూ చూసింది నిజమే.

రికార్డులో కంటే కింది శ్రుతిలో పాడాడు. గొంతు పోయిందా?

పోవక్కర్లేదు. రికార్డింగ్ గదిలో ఒక పాటని పదిసార్లు పాడి మంచిది ఏరుకోవచ్చు. వేదిక మీద రెండు గంటలు ఏకబిగిన పాడాలి, ఎల్లుండి ఇంకో ఊళ్ళో మళ్ళీ పాడాలి. అందుకని రెండో శ్రుతిలో ఉన్న పాటని ఒకటిన్నరకో ఒకటికో దించుకోవడం మామూలే. ఇరవై ఏళ్ళ వయసులో రాసిన పాటని నలభైల్లో పాడుతుంటే శ్రుతితో పాటు అర్థం కూడా కొంచెం దిగి కూర్చుంటుంది, కొన్ని పాటలకి అది అందం తెచ్చింది కూడా.

ఖాయంగా తెలియాలంటే మీరు తీసుకున్న చిన్న క్లిప్‌నీ రికార్డునీ పక్కపక్కన వినండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే ఇంకా తేలిక. ‘గొంతు పోయింది’ అని రాయకుండా ‘అర శ్రుతి దించి పాడాడు, పై స్థాయిలో చివరి పాదం జనానికి వదిలేశాడు’ అని రాస్తే చదివేవాళ్ళకి ఏం జరిగిందో తెలుస్తుంది.

రెండో చరణంలో మాటలు మార్చేశాడు. మర్చిపోయాడా, కావాలనే మార్చాడా?

పాట రాసినవాడే పాడుతున్నప్పుడు మార్చే హక్కు కూడా అతనిదే, సినిమా పాటల కచేరీకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇది. గోరటి వెంకన్న పాట మధ్యలో మాట, మాట మధ్యలో మళ్ళీ పాట వస్తుంటే వినేవాళ్ళు దాన్ని మరుపు అనుకోరు. గద్దర్ పాటలు జనం వంత పాడుతుంటే సాగినవి. అలాంటి పాటకి అచ్చు పుస్తకంలో ఉన్నదొక్కటే సరైన పాఠం అనడానికి లేదు. త్యాగరాజు కీర్తనలు కూడా వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్యుల పరంపరల్లో తలో పాఠంగా వచ్చాయి, ఏదీ తప్పు కాదు.

గుర్తుపట్టడానికి మేం వాడే చిట్కా ఒకటి ఉంది. కొత్త మాట తాళానికీ ప్రాసకీ అతికినట్టు కూర్చుంటే అది ఆలోచించి మార్చిందే. గొణిగి, నవ్వి, మైకు జనం వైపు తిప్పితే మర్చిపోయినట్టే. ఏదైనా సరే, పాత మాటా కొత్త మాటా రెండూ రాసుకోండి.

నా పక్కవాడు మొత్తం పాటలన్నీ గొంతెత్తి పాడేశాడు. నేనేం వినాలి?

స్టేడియంలో అయితే భరించాలి, వీలైతే మీరూ కలపండి. కుర్చీల హాల్లో అయితే నెమ్మదిగా ‘అన్నా, కొంచెం’ అనండి, చాలామంది ఆగుతారు. పల్లవికి గొంతు కలపడం, చరణం గాయకుడికి వదిలేయడం మాకు తెలిసిన మర్యాద.

సరిగ్గా పదింటికి ఆపేశారు. ఇంకో రెండు పాటలు పాడితే ఏం పోయేది?

నిర్వాహకులకి అనుమతి పోయేది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న ఆడిటోరియంలకి మినహాయింపు ఉంది. పండుగలు, సాంస్కృతిక సందర్భాలకి అర్ధరాత్రి దాకా అనుమతించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి 15 రోజులు మించకూడదు. కాబట్టి ఆరుబయలు కార్యక్రమానికి ఆలస్యంగా వెళ్ళి, చివర్లో పొడిగిస్తారులే అనుకోవద్దు. గాయకుడు చివరి మూడు పాటల్ని మాటల్లేకుండా వెంటవెంటనే లాగించాడంటే గడియారం చూస్తున్నాడని అర్థం.

చివర్లో వెళ్ళిపోయాడు, అరిస్తే మళ్ళీ వచ్చాడు. నిజంగా మన కోసమే వచ్చాడా?

చాలావరకు ముందే అనుకున్నదే. లైట్లు వెలిగించలేదంటే, గిటార్లు సర్దడం మొదలుపెట్టలేదంటే మళ్ళీ వస్తాడు. పాశ్చాత్య కచేరీల పద్ధతి అది, పెద్ద హిట్లు రెండు మూడు దానికోసమే దాచి ఉంచుతారు. మన పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ అలా కాదు. పద్యం బాగుంటే అక్కడికక్కడే, నాటకం ఆపించి మరీ, రాగం మళ్ళీ తీయించేవాళ్ళు. శ్రీకృష్ణుడైనా దుర్యోధనుడైనా తలవంచాల్సిందే! మన హాళ్ళలో పాట మధ్యలో ‘వన్స్ మోర్’ అన్న కేక ఇప్పటికీ వినిపిస్తుంది. గాయకుడు దానికి లొంగి అదే పాటని వెంటనే మళ్ళీ పాడాడంటే అది వరుసలో లేనిదే, పెద్ద అక్షరాలతో రాయండి.

## ఆ రాత్రి, ఆ మర్నాడు

చెవుల్లో ‘గీ’ మంటోంది. భయపడాలా?

ఎక్కువ శబ్దం విన్నాక కాసేపు అలా ఉండడం మామూలే, సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. ఆ రోజంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి. రెండో రోజుకీ తగ్గకపోయినా, ఒక చెవి మూసుకుపోయినట్టున్నా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వారం ఆగి చూద్దామనుకోవద్దు.

ఎప్పుడు రాస్తే మంచిది? రాత్రే రాస్తే ఆవేశం, మర్నాడు రాస్తే మరుపు.

వివరాలు రాత్రే రాయండి, అభిప్రాయం మర్నాడు రాయండి. క్యాబ్‌లో కూర్చుని గుర్తున్నవన్నీ వాయిస్ రికార్డర్‌లో చెప్పేసుకున్నా సరే. నిద్ర లేచేసరికి పాటల మధ్య చెప్పిన మాటలే ముందు పోతాయి, ఇంటర్నెట్‌లో ఎక్కడా దొరకనివీ అవే. నచ్చిందా లేదా అన్నది ఎక్కడికీ పోదు, టీ తాగాక తీరిగ్గా చూసుకోవచ్చు.

అందరూ వీడియోలు పెడుతుంటే మళ్ళీ రాయడం ఎందుకు?

అన్నమయ్య పాటలు తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద చెక్కి ఉన్నాయి, రాగం పేర్లతో సహా. కానీ స్వరాలు లేవు. తాళ్ళపాకవారు ఆ పాటని ఏ నడకలో పాడారో, ఎక్కడ ఆగారో, వింటున్నవాళ్ళు ఏమయ్యారో మనకి తెలిసే దారి లేదు. ఇప్పుడు స్వరం వీడియోలో ఉంటుంది, ఒప్పుకుంటాం. కానీ వీడియో తీసిన మనిషి చెయ్యి ఎటు తిరిగితే అదే మిగులుతుంది. ముందు వరుసలో ఉన్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం, సౌండ్ ఇంజనీర్ కూడా పెదాలు కదపడం, మీకు ఏ పాదం దగ్గర గొంతులో ఏదో అడ్డుపడిందో, ఇవేవీ అందులో ఉండవు.

నాకు సంగీతం రాదు. రాగం, తాళం, స్కేలు ఏవీ తెలియవు. నేను రాస్తే నవ్వరా?

నవ్వరు. మాలో సగం మందికి ‘సరిగమ’ తర్వాత తెలియదు. ‘ఇక్కడ పాట ఒక్కసారిగా ఖాళీ అయింది, గొంతొక్కటే మిగిలింది’ అంటే అందరికీ అర్థమవుతుంది. తెలియని పారిభాషిక పదాలు తెచ్చి అతికించకండి. ‘మిక్సింగ్ బాలేదు’ అన్నదానికంటే ‘బేస్ మోతకి మాట వినపడలేదు’ అన్నదే మెరుగైన సమాచారం.

‘సూపర్, గూస్‌బంప్స్’ తప్ప నాకేమీ తట్టడం లేదు. అసలేం రాయాలి?

గూస్‌బంప్స్ రాయండి, కానీ ఏ పాదం దగ్గర వచ్చాయో కూడా రాయండి. అక్కడి నుంచి దారి దొరుకుతుంది. ఆ పాదం రికార్డులో ఎలా ఉంది, అక్కడ ఎలా పాడాడు? నెమ్మదిగానా, వాద్యాలు ఆపా, కళ్ళు మూసుకునా? అభిమానికి పాట ముందే తెలుసు, చదివేవాళ్ళకీ తెలుసు. కాబట్టి వార్త అంటే తేడాయే. తేడా లేకుండా అచ్చు రికార్డులా పాడితే, అదీ వార్తే. సంబరపడేవాళ్ళూ ఉంటారు, ఇంట్లోనే వినొచ్చు కదా అని విసుక్కునేవాళ్ళూ ఉంటారు.

మీరు ఎక్కడ కూర్చున్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి. బాల్కనీలో విన్నదీ స్పీకర్ పక్కన విన్నదీ ఒకటే కచేరీ కాదు. తర్వాత పాటల మధ్య మాటలు. ఈ పాట ఎవరి గురించి రాశాడు, ఏ ఊళ్ళో రాశాడు, ఏ పాదాన్ని కొట్టేసి తిరగరాశాడు అని రాసినవాడే చెబుతుంటే, అది పాటంత విలువైనది. వీలైనంత వరకు అతని మాటల్లోనే పెట్టండి. కచ్చితంగా గుర్తులేకపోతే ‘అన్నట్టు గుర్తు’ అని రాయండి, కొటేషన్ గుర్తులు పెట్టకండి.

ఎంత చిన్నదైతే సరిపోతుందో చూపించడానికి ఒక నమూనా: ‘రెండో చరణం ముందు గిటార్ ఆపేశాడు. హాలంతా నిశ్శబ్దం. బాల్కనీలో ఎవరో దగ్గారు, అది కింద దాకా వినిపించింది. తను కూడా నవ్వాడు. చరణం నవ్వుతూనే మొదలైంది, అది విడిపోవడం గురించిన పాట.’ ఇందులో ‘అద్భుతం’ అన్న మాట ఎక్కడా లేదు. అయినా అక్కడ లేనివాళ్ళకి కూడా ఆ క్షణం అందుతుంది.

పొడుగు గురించి అడుగుతుంటారు. పాటకో పేరా రాయాలని చూడకండి. ఇరవై పాటల్లో మీకు తగిలినవి మూడే అయితే ఆ మూడే రాయండి. మిగతా పదిహేడు ఇంకెవరో రాస్తారు.

పాటల వరుస గుర్తులేదు. ఏం చేయాలి?

ముందు మొదటి పాట, చివరి పాట రాసుకోండి, అవి ఎవరూ మర్చిపోరు. తర్వాత గిటార్ మార్చిన చోట్లు, చొక్కా మార్చిన చోటు, లైట్లు ఆర్పిన చోటు గుర్తు తెచ్చుకోండి. ఫోన్‌లో ఫొటోల మీద ఉండే టైము చాలా పట్టిస్తుంది. మిగిలిన ఖాళీలు మీతో వచ్చినవాళ్ళని అడిగి నింపండి. ఎవరికీ తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి, ఊహించి నింపకండి.

పాడింది హిందీలో, ఇంగ్లీషులో. నేను తెలుగులో రాస్తే బాగుంటుందా?

బాగుంటుంది. మీరు ఇంట్లో ఎలా చెబుతారో అలాగే రాయండి. పాదాలు మాత్రం అనువదించకుండా, పాడినవి పాడినట్టు తెలుగు లిపిలో పెట్టి, పక్కన భావం చెప్పండి.

## పంచుకున్నాక

నాకు నచ్చలేదు. అభిమానుల మధ్య ఆ మాట అనొచ్చా?

అనాలి కూడా. అయితే ఎవరి తప్పు ఎవరి ఖాతాలో వేస్తున్నారో చూసుకోండి. పార్కింగ్‌లో గంట ఇరుక్కున్నది, మంచినీళ్ళ దగ్గర తోపులాట, కుర్చీ నంబర్ల గందరగోళం నిర్వాహకుల సంగతి. మాట వినపడకపోవడం ధ్వని ఏర్పాట్ల సంగతి. పాట ఎంపిక, గొంతు, మనసు పెట్టి పాడాడా లేదా అన్నది గాయకుడి సంగతి. మూడూ కలిపి ‘దండగ’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ట్రాఫిక్ మీద కోపంతో మొదటి మూడు పాటలు వినని మనిషి ఆ సంగతి కూడా రాసేస్తే సరి.

నేను ఏడ్చేశానని రాస్తే, ఇంకొకరు ‘ఆ పాట చప్పగా ఉంది’ అన్నారు. ఎవరు కరెక్ట్?

ఇద్దరూ. మీరు ఏడవడం, వాళ్ళకి విసుగు రావడం రెండూ జరిగినవే. వాదించాల్సింది జరిగిందా లేదా అన్న విషయాల మీద మాత్రమే: ఆ పాట పాడాడా, ఎన్నో పాట, ఏ మాట మార్చాడు. వాటికి సాక్ష్యం అడగొచ్చు. ఏడుపుకి సాక్ష్యం అడిగేవాళ్ళని పట్టించుకోకండి.

ఇంకో గాయకుడితో పోల్చి రాస్తే గొడవలవుతున్నాయి.

కటౌట్లకి పాలు పోసే ఊళ్ళో పెరిగినవాళ్ళం, ఆ అలవాటు ఇక్కడికీ వస్తుంది. పోలిక వల్ల మీ గాయకుడి గురించి ఏదైనా కొత్తగా తెలుస్తుంటే పోల్చండి. పక్కవాణ్ణి తక్కువ చేయడానికే అయితే మేం తీసేస్తాం, ఆ విషయంలో మొహమాటం లేదు.

వీడియో తీశాను. 30 సెకన్ల లోపు అయితే పెట్టొచ్చట కదా?

30 సెకన్ల నియమం చట్టంలో ఎక్కడా లేదు, నోటి మాటగా పాకింది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ప్రదర్శన మీద ప్రదర్శకుడికి హక్కు ఉంటుంది, అది 50 ఏళ్ళు నడుస్తుంది. పాట సాహిత్యం మీద, బాణీ మీద హక్కులు వేరే. రాసి పాడేవాళ్ళ విషయంలో చాలాసార్లు ఇవన్నీ ఆ ఒక్క మనిషి దగ్గరే మొదలవుతాయి. సొంతంగా చూసుకోవడానికి రికార్డు చేసుకుంటే ప్రదర్శకుడి హక్కుకి భంగం కాదని అదే చట్టం చెబుతుంది, కానీ ఊరందరికీ పెట్టడం సొంత వాడకం కిందికి రాదు. టికెట్ మీద షరతులు ఇంకా గట్టిగా ఉండొచ్చు. ఆచరణలో చాలామంది గాయకులు చిన్న క్లిప్పుల్ని చూసీ చూడనట్టు ఊరుకుంటారు, కొందరు ఇష్టపడతారు కూడా. పూర్తి పాటలు, పూర్తి కార్యక్రమం మాత్రం మేం పంచుకోం.

ఇంకా విడుదల కాని కొత్త పాట పాడాడు. సాహిత్యమంతా రాసిపెట్టనా?

వద్దు. రాసేవాళ్ళు కొత్త పాటని ముందు జనం మీద వదిలి చూస్తారు. ఎక్కడ నవ్వారు, ఎక్కడ కదలకుండా కూర్చున్నారు, ఎక్కడ ఫోన్లు తీశారో గమనించి ఇంటికెళ్ళి మారుస్తారు. మీరు మొత్తం రాసిపెడితే చిత్తుప్రతిని అచ్చు వేసినట్టే. సమీక్ష కోసం కొద్ది పాదాలు ఉటంకించడానికి చట్టంలో చోటుంది, ఒకటో రెండో పాదాలు చాలు. పాట దేని గురించి, ఎంత వేగంతో నడిచింది, హాలు ఎలా స్పందించింది అన్నవి రాస్తే, ఆరు నెలల తర్వాత పాట విడుదలైనప్పుడు మీ రాత ఎక్కువ పనికొస్తుంది. ఏం మారిందో పట్టుకోవడానికి అదొక్కటే ఆధారం కావచ్చు.

ఆయన దిగిన హోటల్ పేరు, ఫ్లైట్ టైము తెలిసింది. చెప్పొచ్చా?

చెప్పకండి. వేదిక దిగాక అతని టైము అతనిది.

ఎప్పుడో చిన్నప్పుడు విన్న సభ గురించి ఇప్పుడు రాయొచ్చా?

తప్పకుండా రాయండి. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయాక, ఎప్పుడో ఏ మైదానంలోనో ఆయన పాట విన్నవాళ్ళు చెప్పుకున్న జ్ఞాపకాలకి లెక్కలేదు. తేదీలు కలవవు, పాటల వరుస ఉండదు, అయినా గజ్జెల చప్పుడు ఎంత దూరం వినిపించిందో చెబుతారు. పాత జ్ఞాపకం రాసేటప్పుడు మీకు అప్పుడు సుమారు ఎంత వయసు, ఎవరితో వెళ్ళారు అన్నవి చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఆ రోజు వచ్చి ఉంటే వాళ్ళని అడిగి వాళ్ళ మాటలు కూడా చేర్చండి, తేడాలు ఉంటే ఉండనివ్వండి.

టికెట్ దాచుకున్నాను, అక్షరాలు మాసిపోతున్నాయి. ఎలా కాపాడాలి?

నున్నటి కాగితం మీద మిషన్‌లోంచి వచ్చిన టికెట్ అయితే అది థర్మల్ ప్రింట్. వెలుతురుకి రంగు పోతుంది, లామినేషన్ చేయిస్తే ఆ వేడికి ఒక్కసారిగా నల్లబడుతుంది. వెంటనే జిరాక్స్ తీయించండి, లేదా నీడలో పెట్టి ఫొటో తీసుకోండి. అసలు టికెట్‌ని కాగితం కవర్లో పెట్టి చీకటిగా ఉండే అరలో ఉంచండి. ఫోన్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్ అయితే కార్యక్రమం అయిన కొన్నాళ్ళకి యాప్‌లో కనిపించకపోవచ్చు, స్క్రీన్‌షాట్ ఆ రాత్రే తీసిపెట్టుకోండి. కార్యక్రమం జరగకముందు మాత్రం ఆ కోడ్ ఫొటో ఎక్కడా పెట్టకండి. దాన్ని చూపించి ఇంకొకరు ముందే లోపలికి వెళ్ళిపోతే గేటు దగ్గర మీ మాట వినేవాళ్ళుండరు.